చావుల బాబాయ్ గొంతు మార్చిన పూట

స్టూడియోలో అతన్ని అందరూ ‘చావుల బాబాయ్’ అంటారు. ముద్దుగానే. డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్ళు. కోటగోడ మీంచి పడే కాపలావాడు, బాణం తగిలిన సైనికుడు, రాక్షసుడి కాలికింద నలిగే వడ్రంగి... అందరి కేకా ఇతనిదే. వారానికి యాభైసార్లు చచ్చి, సాయంత్రం ఆరింటికల్లా కూరలు కొనుక్కుని ఇల్లు చేరే మనిషి.

అలాంటివాడికి యానిమే అనే జపాన్ బొమ్మల సీరియల్ కొత్తదొకదాన్లో ఏకంగా విలన్ పాత్ర వచ్చింది. విలన్ కళ్ళవరకే ముసుగేసుకునే ఓ చక్రవర్తి. వాడికి పగ లేదు, సింహాసనం మీద మోజూ లేదు. మనుషుల ఏడుపులన్నిటికీ మూలం ఎంచుకోవాల్సి రావడమేనని వాడి సిద్ధాంతం. ఈ దారా ఆ దారా అని సగం జీవితం కొట్టుకుంటారు, ఎంచుకున్నదానికి మిగతా సగం ఏడుస్తారు. కనుక లోకంలో అందరి తరఫునా తానే ఎంచిపెడతాడట. ‘స్వేచ్ఛ’ అనగానే లేచి చప్పట్లు కొట్టే పెద్దలు ఏమైనా అననీ, బట్టలకొట్లో గంటసేపు నిలబడ్డవాళ్ళెవరూ ఈ మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

మొదటిరోజు పొద్దున్నే బాబాయ్ తేలిపోయాడు. పెదవుల కదలికకు మాట అతుకుతోంది, ఊపిరీ సరిపోతోంది. కానీ పదహారేళ్ళుగా ప్రతి డైలాగూ అతనికి ఆఖరి డైలాగే. ‘కూర్చో’ అన్నా ప్రాణం పోతున్నట్టే అంటున్నాడు.

“బాబాయ్ గారూ, ఈ సీన్లో మీరు చావరు,” అంది డైరెక్టరమ్మాయి, ఆరోసారి. “టీ తాగుతున్నారంతే.”

“టీలో విషం లేదు కదమ్మా?”

“లేదండీ! భోజనాలయ్యాక కూడా కుదరకపోతే వేరే ఆయన్ని పిలవాల్సొస్తుంది. ఏమనుకోకండి.”

అంటే మళ్ళీ కోటగోడే.

వరండాలో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఇంటినుంచి అక్క ఫోన్.

“తిన్నావా?”

“ఆకలిగా లేదక్కా.”

“ఆకలే. నీకు తెలీదు. ముందు తిను, తర్వాత దిగులుపడు. ఇంకోటి, ఆ గళ్ళచొక్కా పక్కింటాయనకిచ్చేశా.”

“అదేంటక్కా! నాకిష్టమైన చొక్కా!”

“నీకది నప్పదురా నాన్నా. రోజూ ఏది వేసుకోవాలా అని అద్దం ముందు అరగంట నిలబడతావు. చూడలేకపోయా. ఇక నీలందొక్కటే. హాయి కదూ?”

కోపం లేదు, దబాయింపు లేదు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటిమీద తడిగుడ్డ వేసే గొంతు. బాబాయ్ చేతిలో స్పూను గాల్లోనే ఆగిపోయింది.

భోజనాలయ్యాక మైకు ముందు నిలబడ్డాడు. తెరమీద చక్రవర్తి హీరో భుజంమీద చెయ్యేసేచోట మెల్లగా అన్నాడు: “అలిసిపోయావురా నాన్నా. ఇక నువ్వేదీ ఎంచుకోనక్కర్లేదు. నేనున్నాగా.”

స్క్రిప్టులో ‘నాన్నా’ లేదు. పెదవులకు మాత్రం సరిపోయింది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసి, “బాబాయ్, నేను లొంగిపోయా. ఎక్కడ సంతకం పెట్టమంటారు?” అన్నాడు. డైరెక్టరమ్మాయి వేరే ఆయన నంబరున్న చీటీ ఉండచుట్టి బుట్టలో పడేసింది.

మొదటి భాగం టీవీలో వచ్చినరోజు అక్కాతమ్ముళ్ళు పక్కపక్కనే కూర్చుని చూశారు. హీరో కత్తి దూసి, “తప్పైనా సరే, మా దారి మేమే ఎంచుకుంటాం!” అని అరిచాడు. చక్రవర్తి మాట తీరు తనదేనని అక్క ఎక్కడ గుర్తుపడుతుందోనని బాబాయ్ ఆమెకేసి ఓరగా చూశాడు.

“ఆ ముసుగాయన మంచివాడు పాపం,” అంది అక్క. “ఆ కుర్రాడికే పొగరు. చెబితే వినడు.” తమ్ముడి వైపు చూసి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. “ఇంద, నీకు దాహంగా ఉంది.”

బాబాయ్‌కి నిజంగానే దాహంగా ఉంది.