మధ్య అర సర్దుతూ వెళ్లిపోయిన వియ్యంకుడు

మా వియ్యంకుడు కిందటి నెల కన్నుమూశాడు. కూర్మన్నపాలెంలో పొద్దున్నే కాఫీ తాగి, కంప్యూటర్ తెరిచి, కుర్చీలోనే ఒరిగిపోయాడట. మా ఇద్దరి మనవరాలు ఫోన్ చేసి చెప్పగానే, "మళ్లీ సూడమ్మా, నిద్దరోతన్నాడేమో" అన్నాను. ఆయన్ని ఆటపట్టించడం నాకు అలవాటు. ఆ మాట మాత్రం ఆటకి అన్నది కాదు.

ఆయన స్టీల్‌ప్లాంటు స్టోర్స్‌లో చేసి రిటైరయ్యాడు. నేను ఐదో తరగతితోనే బడికి దండం పెట్టి, హార్బర్‌లో బోటు ఇంజిన్లు బాగుచేసినవాణ్ని. ఊరికే కూర్చోలేక ఆయన మా మనవరాలి దగ్గర, యాప్‌లు రాసే జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాడు. బోట్లవాళ్లు ఫోన్‌లోనే ఐసు ఆర్డరు చెప్పుకునే యాప్ కట్టాడు.

కోడు సర్దడంలోనూ స్టోర్స్ బుద్ధే. అంతా ఒకే గోదాము, దాన్ని మోనోరెపో అంటారట. అందులో మూడు అరలు. బోటువాడి ఫోన్‌లో కనబడేది క్లయింటు అర. ఐసు ఫ్యాక్టరీ వైపు పని చూసేది సర్వరు అర. రెంటికీ కావలసింది మధ్య అర. అందులో ఏదిపడితే అది పెట్టనిచ్చేవాడు కాదు.

"రెండేపులా అడిగితేనే బావా, మద్దెకి."

"మరి మనవరాల్నెక్కడ పెడతావ్? మీ ఇంట్లోనా, మా ఇంట్లోనా?"

"ఇద్దరం అడుగుతన్నాం కాదేటి? మద్దె అరే."

అంత నియమం ఉన్నవాడే ఒక పొరపాటు చేశాడు. ఐసు ఎన్నింటికి అందుతుందో చూసే లెక్కని క్లయింటులో ఒకసారి, సర్వరులో ఒకసారి రాశాడు. తర్వాత ఒకటి మార్చి, రెండోది మరిచిపోయాడు. ఫోన్ నాలుగంటే ఫ్యాక్టరీ ఆరంది. ఐసు లేక బోటు ఆగిపోయిన ఓనరు ఇంటికే వచ్చి దులిపేశాడు. "ఏటి బావా, నీ ఫోనుకో గడియారం, ఫేక్టరీకో గడియారమా?" అతనలా అంటుంటే నేను పక్కనే కూర్చుని పకపకా నవ్వాను. మా వియ్యంకుడి మొహం చిన్నబోయాక కూడా నవ్వాను. అదిప్పుడు గుచ్చుతోంది.

చేపల వేట నిషేధం రోజుల్లో ఆ లెక్కని మధ్య అరలోకి మారుస్తూ, సగంలోనే పోయాడు. క్లయింటు మారింది. సర్వరులో పాతదే ఉంది. బోట్లు వెళ్లడానికి వారమే ఉంది. మళ్లీ రెండు వేళలు చూపిస్తే పోయినవాణ్ని తిడతారు. నాకు కాలు నిలవలేదు. ఆ మిగిలిన పని పట్టుకున్న మనవరాలి వెనకే తిరిగాను.

"తాతా, కాసేపు కూకో. కాళ్లకి సెక్రాలేటి?"

"సర్వరులో పాత లెక్క తీసీసావా?"

"సర్వరు గురించి నీకేటి తెలుసు?"

"ఆ తాత రోజూ నా సెవిలో పోసిందే. పాతది అట్టే ఉంచీకు. తీసీసి, మద్దెలోది వాడు."

నా వైపు ఒకసారి చూసి, తీసేసింది.

బోట్లు కదిలే రోజు మధ్యాహ్నం నుంచీ జెట్టీ మీద ఈ చివరికీ ఆ చివరికీ తిరిగాను. ఫోన్ నాలుగంది. ఐసు లారీ నాలుగింటికే వచ్చి ఆగింది. అప్పుడు తిట్టిన ఓనరే బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు.

"ఏటిది బావా! నాలుగంటే ఆరులే అని నాను నిమ్మళంగా ఉన్నాను. బోట్లో ఐసు గది ఇంకా కడగనేదు. మీ వియ్యంకుణ్ని ఒకపాలి పిలు, ఆయన పని సెప్తాను!"

అతనికి చావు కబురు తెలియదు. ఐసు వేళకొచ్చినందుకు పడే ఈ తిట్టు కోసం మా వియ్యంకుడు ఎంత దూరమైనా వచ్చేవాడు. లారీ అంచు నుంచి ఐసు నీళ్లు కారి, మా ఇద్దరి కాళ్ల మధ్య నుంచి సముద్రంలోకి పోతున్నాయి. అతనింకా తిడుతూనే ఉన్నాడు. నేను ఆపలేదు.