ఒకే చీటీ మీద ఇద్దరు

దర్జీకీ అతని భార్యకీ రోగాలు కూడా కలిసే వచ్చేవి. అతనికి బీపీ వచ్చిన ఏడాదికే ఆమెకూ వచ్చింది. షుగరు మాత్రం ముందు ఆమెను పలకరించి, తర్వాత అతన్ని పట్టుకుంది. "రోగాల్లో కూడా నాకు వాటా ఇవ్వకుండా ఉండలేరు కదా!" అని ఆమె వేళాకోళమాడేది. ముప్పై ఏళ్లుగా ఒకే గది, ఒకే తిండి, ఒకే పని మరి. అతను కత్తిరించి కుడితే ఆమె కాజాలు తీసి గుండీలు వేసేది. ఇద్దరూ వెళ్తే దుకాణం ఎవరు చూస్తారని ఆసుపత్రికి ఒక్కరే వెళ్లేవారు. ఆ ఒక్కరికి రాసిన మాత్రలే ఇద్దరూ మింగేవారు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కాబట్టి అదో తెలివి అనుకున్నారు. తెలివి కాదు, మూర్ఖత్వం.

ఈసారి దగ్గు పట్టుకుంది. మిషను చప్పుడులో ఏ దగ్గు ఎవరిదో తెలిసేది కాదు. "వెళ్లి చూపించుకోండి" అని ఆమె మూడు నెలలు పోరింది. "ఈ స్కూలు యూనిఫారాలు అవనీ" అని అతను దాటవేస్తూ వచ్చాడు. చివరికి ఆమె పోరు పడలేక బయల్దేరాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "క్షయ. మొదట్లోనే దొరికింది, ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోతుంది. కానీ అంటుకునే జబ్బు. మీ ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

బాగానే ఉందనబోయి ఆగిపోయాడు. ఆమెను పరకాయించి చూసి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

ఇంటికి రాగానే ఆమె కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపింది. "మందులేవీ?"

అతను ఇవ్వలేదు. ఆమె జాకెట్టు పక్క కుట్టు చూశాడు. ఒకదాని లోపల ఒకటి, నాలుగు వరసలు. చిక్కిపోయి బట్ట వదులైనప్పుడల్లా అతనికి తెలియకుండా లోపలికి కుట్టుకుంటూ వచ్చింది.

"నీకెప్పటినుంచి దగ్గు?"

"మీకంటే ముందే."

"రక్తం పడిందా?"

ఆమె తల దించుకుంది. "రెండు మూడుసార్లు."

"చెప్పవేం!"

"మీరూ దగ్గుతున్నారుగా. ఇవాళో రేపో వెళ్తారు, ఆ మందే నేనూ వేసుకుందామనుకున్నాను."

మూడు నెలలు ఆమె పోరింది తన ఒక్కడి కోసమే అని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"లే, ఇద్దరం వెళ్దాం" అన్నాడు.

లేవబోయి ఆమె గోడ పట్టుకుంది.