వంటింటి పైకప్పులో మా మామ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఒక సుత్తి, పిడికెడు మేకులు ఉంటే లోకంలో పాతబడిన దేన్నైనా కొత్తది చేసేయవచ్చునని. హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరి, ఇంకా కంపెనీ చొక్కా రంగైనా వెలవక ముందే ఈ నమ్మకం నన్ను పట్టుకుంది. (ఆ చొక్కా జేబు మీద కంపెనీ పేరు ఉండేది. అందుకని ఊరికి పోయినా అదే వేసుకునేవాణ్ణి. నన్ను ఇంజనీరనుకున్న వాళ్ళను ఒక్కసారి కూడా సరిదిద్దిన పాపాన పోలేదు.) ఇప్పుడు ఆ కుర్రవాడు ఎదురైతే ముందు చేతిలోని సుత్తి లాక్కుంటాను. తిట్టడానికి మాత్రం మనసు రాదు.

తమిళనాడులో సూళగిరి దగ్గర ఒక తెలుగు పల్లెలో మాది పెంకుటిల్లు. వంటిల్లు మా తాత నాటిది. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చినా, పాత పొగ మాత్రం గోడల్నీ దూలాల్నీ వదలలేదు. పైనుంచి మసిబూజు గుత్తులు గుత్తులుగా వేలాడేది. మధ్యలో ఉన్న ఒక్క అద్దపు పెంకుకు కూడా మసి కమ్మి, ఆ గదిలో పట్టపగలే పొద్దు గూకినట్టుండేది. ఒకసారి మా మామ, అంటే అమ్మకు ఒక్కగానొక్క అన్న, తన ఊరు అత్తిముగం నుంచి వచ్చి అక్కడే పీట వేసుకుని రాగిసంగటి తింటుంటే, ఒక మసిగుత్తి గురి చూసినట్టు వచ్చి ఆయన కోడిపులుసులో పడింది. అంతవరకైతే ఫరవాలేదు. అమ్మ నవ్వింది. అమ్మ నవ్వు మొదలైతే ఆగదు, మామ కోపమూ అంతే. ఆయన సగం ముద్ద వదిలేసి లేచాడు.

"నీ వంటిల్లు మారేదాకా ఈ ఇంట్లో చెయ్యి తడపను, పోమ్మా!"

"అది మారదు, పో అన్నా!" అంది అమ్మ, ఇంకా నవ్వుతూనే.

మా వైపు చెయ్యి తడపడం అంటే ఒకరింట్లో అన్నం తినడం. ఊరికే కడుపు నింపుకోవడం కాదు, చుట్టరికం బతికే ఉందని నలుగురికీ చెప్పడం. ఆ తర్వాత మామ రోడ్డు మీద కనిపిస్తే పలకరించేవాడు, పండగకు అరటిపళ్ళు పంపేవాడు, గడప బయట నిలబడి అందరి క్షేమమూ అడిగేవాడు. లోపలికి వచ్చి తినేవాడు మాత్రం కాదు. ఏండ్లు గడిచాయి. కోడిని కోసినప్పుడల్లా అమ్మ ఒక మంచి ముక్క తీసి మూతపెట్టి ఉంచేది. ఎవరికమ్మా అని అడిగితే, "పిల్లికి" అనేది. (మా ఇంట్లో పిల్లి లేదు.)

ఉద్యోగం వచ్చిన సంబరంలో నేను స్వీటు డబ్బా పట్టుకుని అత్తిముగం పోయాను. మామ డబ్బా అందుకుని మురిసిపోయి, ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "వంటిల్లు మార్చినారా అల్లుడా?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు, ఆశ ఉంది. పాపం, ఆయనకూ ఆ పంతంలోంచి దిగే మెట్టు దొరకలేదు. నా నోరు నా మాట వినలేదు.

"మార్చేసినాము మామా! మోడ్యులర్ కిచెన్!"

"అట్లనా! అయితే ఆదివారం వస్తాను. కోడి కొయ్యమను."

బస్సులో తిరిగి వస్తూ జేబులు తడుముకున్నాను. మోడ్యులర్ కిచెన్ మాట దేవుడెరుగు, ఒక డబ్బా రంగు కొనే స్తోమత కూడా లేదు. హోసూరులో నేనుండే గదికి పోయి రూమ్మేటు ముందు కూలబడ్డాను. అతను అనంతపురం వైపునుంచి వచ్చి హోసూరులో ఫ్లెక్సులు అచ్చువేసే అంగట్లో పనిచేసేవాడు. అతనికి అన్నీ తేలికే.

"మోడ్యులర్ అంటే ఏముందన్నా? పాతది కనపడకుండా మూసేసేదే కదా! మా అంగట్లో తప్పుగా పడిన ఫ్లెక్సులు కుప్పగా పడుండాయి. బొమ్మ పైకి పెట్టి తిరగేసి కొట్టు. కిందినుంచి చూస్తే తెల్లగా పాలరాయి మాదిరి ఉంటాది."

ఇంత తెలివైనవాడు ఇంకా కూలికి ఎందుకు పనిచేస్తున్నాడా అని ఆ రోజు ఆశ్చర్యపోయాను. శనివారం పొద్దున్నే ఫ్లెక్సు చుట్టల్ని భుజాన వేసుకుని ఊళ్ళో దిగాను. మామ వస్తున్నాడని చెబితే అమ్మ గడప మీదే కూర్చుండిపోయింది.

"వస్తానన్నాడా, తింటానన్నాడా?" అని అడిగింది. ఆ రెండూ వేరని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"తింటానన్నాడమ్మా. కోడి కొయ్యమన్నాడు."

ఇక ఆ రోజంతా యుద్ధమే. నేను దూలాలు దులిపితే తాత కాలం మసి అంతా నా మీదికి దిగింది. పక్కింటావిడ తొంగి చూసి, నన్ను గుర్తుపట్టక, "మీవాడు యాడమ్మా?" అని అమ్మను అడిగింది. ఫ్యాక్టరీలో పారేసిన పెట్టెల చెక్కతో అలమరలు కొట్టాను. (వాటి మీద గాజుగ్లాసు బొమ్మ, పైకి చూపే బాణం గుర్తు అట్లాగే ఉండిపోయాయి. ఒక బాణం తలకిందులుగా పడింది.) చుట్టలు విప్పి ఏ బొమ్మ ఎవరిదో చూసే తీరిక ఎక్కడిది? తెల్లవైపు కిందికి పెట్టి వరసగా మేకులు దిగ్గొట్టాను. రోజుకు ఒక మాట మాట్లాడే మా నాయన తనంతట తానే ఇంటిపైకెక్కి, అద్దపు పెంకును సబ్బుపెట్టి తళతళలాడేలా కడిగాడు. "వెలుతురు రావద్దా?" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాట అయిపోయింది.

ఆదివారం మామ తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. వంటింట్లో చుట్టూ తిరిగాడు, గోడ నిమిరాడు, తలకిందుల బాణాన్ని చూసి అది ఏదో కొత్త ఫ్యాషను కాబోలనుకుని తలాడించాడు. "ఫ్రిజ్జులో కూచున్నట్టుంది అల్లుడా!" అన్నాడు. పీట మీద కూర్చున్నాడు. అమ్మ సంగటి పెట్టి, పులుసు పోసింది. మామ ముద్ద తుంచి, పులుసులో అద్ది, నోటిదాకా తెచ్చి, పాత అనుభవం కొద్దీ ఒకసారి పైకి చూశాడు.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఎండ అద్దపు పెంకులోంచి నిట్టనిలువునా దిగి ఆ చవక ఫ్లెక్సు మీద పడింది. తెల్లటి పైకప్పులో ముందు ఒక మీసం తేలింది. తర్వాత బుగ్గలు, మెళ్ళో పూలదండ, అటూ ఇటూ వెలుగుతున్న దీపాలు. కింద పెద్ద పెద్ద తమిళ అక్షరాలు, అద్దంలో చూసినట్టు తిరగబడి: కన్నీటి అంజలి, మా వైపు పోయినవాళ్ళకు వేయించే మాట. ఆ మీసాన్ని మా తాలూకాలో ఎవరైనా గుర్తుపడతారు. అది మామ మీసం.

"బావా, పైన ఉండేది నువ్వేనా?" అన్నాడు నాయన, ఆ రోజు మాట దీనికి ఖర్చుపెట్టి.

"డిజైను మామా, అది... డిజైను," అన్నాను నేను.

మామ కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "ఇది ఆ తిక్కోడు అచ్చేసిన ఫ్లెక్సు! నా స్నేహితుడు పోయినాడని హోసూరు అంగట్లో ఫ్లెక్సుకు చెప్పినాను. వాణ్ణి పెద్దగా వేసి, కింద మూలలో చేతులు జోడించుకుని నన్ను వెయ్యమంటే, నన్ను చంపి వాణ్ణి మూలలో నిలబెట్టినాడు! సచ్చినోడు నాకు దండం పెడతా ఉండాడు, చూడు! వద్దుపొమ్మని వాళ్ళ మొకానే కొట్టి వచ్చినాను. అది ఈడికి వచ్చి చేరిందా!"

ముద్ద ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను అమ్మవైపు చూశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మా, ఒక్కసారికి నవ్వకు, నీకు దండం పెడతాను అనుకున్నాను. ఇప్పుడు నవ్విందంటే ఇక ఈ జన్మకు మామ లేడు. కొంగు జారింది. అమ్మ నవ్వడం లేదు.

"ఇన్నేండ్లూ నాకు నువ్వు ఇట్లనే ఉన్నావన్నా!" అని బావురుమంది. "పటంలో ఉండేవాళ్ళ మాదిరి. కనిపిస్తావు, తినవు!"

మామ మీసం కదిలింది. పైనున్నది కాదు, కిందిది.

"ఊరుకోమ్మా. బతికినోడు తింటాడు, చూడు," అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అంతలో పులుసు ఆవిరికో, నా పనితనానికో ఒక మేకు ఊడి, ఫ్లెక్సు మూల వేలాడి, పైనున్న మామ కిందున్న మామ పళ్ళెంలోకి వంగి చూశాడు. "ఆయప్పకూ ఒక ముద్ద పెట్టు," అన్నాడు నాయన, ఆనాటి లెక్క మించిపోయి. అప్పుడు నవ్వింది అమ్మ, ఇన్నేండ్ల బాకీ అంతా కలిపి. ఈసారి మామ కూడా నవ్వాడు, పొలమారేదాకా.

ఆ ఫ్లెక్సును మామ తియ్యనివ్వలేదు. వచ్చినప్పుడల్లా మిట్టమధ్యాహ్నానికి సరిగ్గా చేరేటట్టు బస్సెక్కేవాడు. పీట మీద కూర్చుని, తనకు తాను దర్శనం చేసుకుని, ఆ తర్వాతే సంగటి ముట్టేవాడు.

మొన్నామధ్య ఆ పెంకులు తీసేసి, నిజంగానే మోడ్యులర్ కిచెన్ పెట్టించాను. చొక్కా మీద ఇప్పుడు ఏ పేరూ లేదు, సుత్తి పట్టి చాలాకాలమైంది, పనంతా వచ్చినవాళ్ళే చేసిపోయారు. మామ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కుర్చీ వద్దని కిందే కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. ముద్ద తుంచి, అలవాటుగా పైకి చూశాడు. తెల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేని సీలింగు. ఈ మూల నుంచి ఆ మూలదాకా కళ్ళతో వెతికాడు.

"బాగుంది అల్లుడా," అన్నాడు చివరికి. "కానీ, నేను యాడ?"

ఆ ఫ్లెక్సు చుట్ట గొడ్లపాకలో అటక మీద భద్రంగానే ఉంది. పాత సుత్తి కూడా అక్కడే ఉందట. ఈసారి ఊరికి పోయేటప్పుడు మరిచిపోకుండా పిడికెడు మేకులు తీసుకుపోవాలి.