దొండాకుల మీది పొడి

నా చిన్నప్పుడు నేను దయ్యాలకంటే ఎక్కువ భయపడింది మా ఇంటి వెనకున్న దొండ పందిరికే.

ఆ తీగ ముక్కను మా అవ్వ, అంటే మా బాపు వాళ్లమ్మ, నేను పుట్టకముందే తెచ్చి నాటిందట. కాపు తగ్గాక మోడుగా కోసేస్తే మళ్లీ చిగురేసి, తెల్లటి పూలతో పందిరంతా అల్లుకునేది. లేత కాయలు కూరకు పోగా, ఆకుల చాటున మిగిలినవి ఎర్రగా పండేవి. వాటికోసం పిల్లలం తీగలు లాగి తెంపుతున్నామని అవ్వకు కోపం. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆకుల నిండా బూడిదరంగు పొడి.

"పత్తికి గొట్టే మందు చల్లిన. పండు ముట్టినోళ్లు సస్తరు, సూడుండ్రి" అంది అవ్వ.

బాపు చేనులో పొడిమందు చల్లే రోజు మమ్మల్ని గట్టు మీదికి కూడా రానిచ్చేవాడు కాదు. అందుకే నమ్మాను.

ఒక మధ్యాహ్నం అమ్మ, బాపు పత్తి ఏరడానికి పోయారు. అవ్వ కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తోంది. మూడేళ్ల చెల్లెను నాకు అప్పజెప్పారు. గచ్చకాయలాటలో పడి తల తిప్పేసరికి అది పందిరి కింద కూర్చొని ఉంది. మూతి నిండా ఎర్రటి గుజ్జు, దాని మీద ఆ పొడి.

మూతి కడిగాను. కక్కించాలని నోట్లో వేలు పెడితే కొరికింది. కాసేపటికి నా ఒళ్లోనే కళ్లు మూసింది. అది నిద్ర అని నేననుకోలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టడం, ఊపిరి తగిలితే ఏడవడం, మళ్లీ వేలు పెట్టడం. కొట్టంలో అవ్వ బర్రెను తిట్టడం వినబడుతూనే ఉంది. పిలిస్తే కొడుతుందని పిలవలేదు. ఎండ నేల మీంచి గోడ మీదికి పాకింది.

చివరికి చెల్లె చెయ్యి పైకెత్తి వదిలితే దబ్బున పడిపోయింది. అప్పుడు అరిచాను. అవ్వ ఉరికొచ్చింది.

"చెల్లె దొండపండ్లు తిన్నది అవ్వా, సచ్చిపోతాంది!"

అవ్వ పడీపడీ నవ్వింది. "ఓసి పిచ్చిదానా! గది పొయ్యిల బూడిదనే. పురుగు పడ్తదని చల్లిన." పొడి అంటిన పండొకటి తెంపి తన నోట్లో వేసుకుంది. ఆ నవ్వుకు చెల్లె లేచి, తనకూ కావాలని చెయ్యి చాపింది.

"ఎప్పుడు తిన్నదే?"

"బువ్వ తిన్నంక."

అవ్వ నమలడం ఆగిపోయింది. "నేను గీడనే ఉన్న గద బిడ్డా. ఎందుకు పిల్వలె?"

"కొడ్తవని."

అవ్వ అక్కడే కూలబడింది. "నిజంగ మందే అయితే ఎట్లుండె" అని తనలో తాను అనుకుంటూ మా ఇద్దరినీ దగ్గరికి లాక్కుంది. అవ్వ భయపడడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మొన్న మా మనవరాలు వాళ్ల బాపు సెల్‌ఫోన్ నీళ్లలో పడేసి గుమ్మం దగ్గర తచ్చాడుతోంది. నీళ్లు కారుతున్న ఆ ఫోన్‌ను వీపు వెనక దాచింది. నాకు కోపం వచ్చింది, రాలేదనను. అయినా చేట పక్కన పెట్టి, నేనే ముందు దగ్గరికి పోయి, "ఏమైంది బిడ్డా" అన్నాను.