సరళాబాయి నేర్పిన స్వారీ

నిన్న మధ్యాహ్నం మా దుకాణంలో ఇత్తడి బిందెలు చూస్తున్న ఒక రైతు ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, "ఏంది, ఇక్కడ గుర్రం వాసన అస్తున్నది?" అన్నాడు. గల్లా దగ్గర కూర్చున్న నేను చప్పున చున్నీ సర్దుకున్నాను. వాసన దానిదే. పొద్దున మా గుర్రం బిజిలీకి మాలీసు చేసి, బట్టలు మార్చుకునే తీరిక లేక అలాగే దుకాణానికి వచ్చేశాను. మా ఆయన శ్రీనివాస్ నా వైపు చూడకుండా ఒక బిందెను వేలితో టంగుమని మోగించి, "అది కొత్త ఇత్తడి వాసన" అన్నాడు. రైతు నమ్మలేదు. నాకు నవ్వు ఆగలేదు. చెమట, ఎండుగడ్డి, తోలుజీను, కాస్త బెల్లం కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ఎంత పనిలో ఉన్నా నాకు సరళాబాయి గుర్తుకొస్తుంది.

మా నాందేడ్‌లో మరాఠీ బడుల పంతులమ్మలను బాయి అని పిలుస్తారు. సరళాబాయి వ్యాయామం టీచరుగా పనిచేసి రిటైరైంది. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడే కుటుంబం. ఆమె తండ్రి గుర్రం మీద బట్టల మూటలు వేసుకొని సర్ఖని వైపు ఊళ్లన్నీ తిరిగి అమ్మేవాడట. సెలవుల్లో ఆ మూటల మధ్య కూర్చుని వెళ్లిన పిల్లకు గుర్రం మీద మోజు పట్టుకుంది, ఇక వదల్లేదు. పొట్టిగా, లావుగా ఉండేది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నుదుట పెద్ద బొట్టు, మెడలో బడినాటి విజిల్. ఆస్నా నది దాటాక ఉన్న తమ పొలంలో రాణి అనే తెల్ల గుర్రాన్ని పెంచుకునేది. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆమె భర్తకు గుర్రాలంటే భయం. అయినా ఆదివారాలు ఆమెతో పాటు వచ్చి, అందనంత దూరంలో కుర్చీ వేసుకొని పేపరు చదివేవాడు.

ఆమె మొదటిసారి మా దుకాణానికి వచ్చినప్పుడు మా శ్రావణికి ఐదేళ్లు, కార్తీక్‌కు ఏడాది దాటింది. పిల్లలంటే నాకు ప్రాణం. కానీ తిను, పడుకో, ముట్టకు, పడతావు అన్న నాలుగు మాటలు తప్ప రోజంతా నా నోటి నుంచి వేరే మాట వచ్చేది కాదు. సాయంత్రానికి నా గొంతు నాకే విసుగనిపించేది. ఆ రోజు సరళాబాయి దుకాణంలో ఉన్న అన్నింటికంటే పెద్ద గంగాళాన్ని దించమంది.

"ఇంట్ల పెండ్లి ఉన్నదా బాయీ?" అని మా అత్తమ్మ అడిగింది.

"పెండ్లి లేదు, గిండ్లి లేదమ్మా. నా గుర్రం నీళ్లు తాగనీకి. పాతదాన్ని తన్ని తన్ని సొట్టలు పెట్టింది."

నా కాళ్ల దగ్గర బిస్కట్లు తింటున్న శ్రావణి లేచి నిలబడింది. "నిజం గుర్రమా?"

"అబద్ధం గుర్రం నీళ్లెట్ల తాగుతది బిడ్డా? ఆదివారం మీ అమ్మను తోల్కొని రా, చూపిస్త."

ఆదివారం దాకా శ్రావణి నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. తీరా వెళ్లాక, కార్తీక్‌ను చంకనేసుకొని కంచె బయటే నిలబడిపోయాను. కొట్టంలో దూలానికి పాత చీరతో ఊయల కట్టి ఉంది. సరళాబాయి దాన్ని చూపించింది.

"పద్మా, పోరన్ని అండ్ల పండవెట్టి ఇటు రా. ఎక్కు."

"నేనా? వద్దు బాయీ. పాప అడిగితే అచ్చినం. పిల్లలు జర పెద్దగైనంక చూస్త."

"వాళ్లు పెద్దగయ్యేదాంక రాణి ఆగదు. నీ నడుము సుత ఆగదు."

ఎలా ఎక్కానో నాకు తెలియదు. సగం ఆమె తోసింది, సగం సిగ్గు తోసింది. పైకెక్కాక మాత్రం లోకం మారిపోయింది. కింద నుంచి చూస్తే గోడలా అడ్డున్న పత్తి చేలు పైనుంచి చూస్తే కాలువ దాకా పరచిన చాపలా ఉన్నాయి. ఆమె తాడు పట్టుకొని పొలం చుట్టూ నడిపించింది, అంతే. ఆ రాత్రి చపాతీలు చేస్తూ పాట పాడుకున్నానని శ్రీనివాస్ చెప్పేదాకా నాకే తెలియదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లం. పిల్లలను ఎవరికో అప్పజెప్పి రావడం ఆమెకు నచ్చేది కాదు. వాళ్లకూ ఏదో పని ఉండాలనేది. శ్రావణి ఎత్తు పీట మీద నిలబడి రాణి జూలు దువ్వేది. కార్తీక్ అరచెయ్యి చాపి క్యారెట్ ముక్కలు తినిపించేవాడు. గుర్రం వెనక్కి పోవద్దన్నది ఒక్కటే కట్టుబాటు. ఎవరైనా అటు అడుగేస్తే ఆమె విజిల్ ఊదేది. నా మాట ఒక్కటీ వినని పిల్లలు బొమ్మల్లా ఆగిపోయేవాళ్లు.

"నాకు సుత ఒక విజిల్ ఇప్పియ్యుండ్రి బాయీ" అన్నాను ఒకసారి.

"విజిల్‌ల ఏమున్నది? నేను ఒక్కపారి ఊది ఊకుంట. నువ్వు ఆగుమని చెప్తవు, ఎందుకు ఆగాల్నో చెప్తవు, ఆగకుంటె ఏమైతదో చెప్తవు. గంతల వాళ్లు ఉరికి ఊరు దాటుతరు."

ఆ వారం ఇంట్లో ప్రయత్నించాను. ఒక్కసారి చెప్పి నోరు మూసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కానీ పని చేసింది. శ్రావణి నా ముఖంలోకి చూసి, ఇంకేమీ రావడం లేదని నిర్ధారించుకొని, వెళ్లి పళ్లు తోముకుంది.

సొంత గుర్రం మాట మొదట ఎత్తింది శ్రీనివాసే. "ఆదివారం నువ్వు మంచిగుంటున్నవ్. సోమారం కెల్లి మల్ల గదే మొఖం. మనమే ఒకటి తెచ్చుకుందాం" అన్నాడు. ఆ చలికాలం గుర్రాలు అమ్మే జాతరకు వెళ్లి, సరళాబాయి పొద్దంతా గిట్టలూ పళ్లూ చూసి చూసి ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని ఎంచింది. శ్రావణి దానికి బిజిలీ అని పేరు పెట్టింది. పేరుకే మెరుపు, నడక మాత్రం అన్నం తిని పడుకోబోయే మనిషిది. అది సరళాబాయి కొట్టంలోనే ఉండేది. పొద్దున పిల్లలు లేవకముందు నేను స్కూటరు మీద వెళ్లి దాణా పెట్టి వచ్చేదాన్ని.

కష్టం మరుసటి ఏడాది కంది కోతలప్పుడు వచ్చింది. బండ్లబాట వెంట ఇద్దరం స్వారీ చేస్తున్నాం. రాణి మీద బాయి వెనుక వస్తోంది. శ్రావణి నా ముందు కూర్చుని ఉంది. కంది చేలోంచి కౌజు పిట్టల గుంపు ఒక్కసారిగా బుర్రుమని లేచింది. బిజిలీ పక్కకు దూకింది. నేనూ శ్రావణీ కలిసి నేల మీద పడ్డాం. నాకు మట్టి తప్ప ఏమీ అంటలేదు. శ్రావణి ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. బాయి దిగి, తన చున్నీతో ఆ చేతిని కదలకుండా కట్టి, దారిన పోయే టెంపోను ఆపి మమ్మల్ని ఎక్కించింది. ఆస్పత్రిలో కట్టు వేసేంతవరకూ శ్రావణి ఏడుస్తూనే "బిజిలీకి దెబ్బ తాకిందా?" అని అడుగుతూ ఉంది.

ఇంటికి రాగానే అత్తమ్మ, "చిన్న పిల్లల తల్లికి గుర్రమెందుకే? అమ్మెయ్యుండ్రి దాన్ని" అంది. నాకూ అదే అనిపించింది. కళ్లు మూస్తే నేల పైకి లేచి వస్తున్నట్టు ఉండేది.

మరునాడు సరళాబాయి వచ్చింది. గుర్రాన్ని వెనకేసుకొస్తుందని అత్తమ్మ గట్టిగానే సిద్ధమై కూర్చుంది. బాయి కూర్చోకుండానే చెప్పింది.

"తప్పు నాదమ్మా. పద్మకు స్వారీ ఇంక పక్కా కాలే. పిల్లను ముంగట కూసోవెట్టుకొమ్మని తొందరవెట్టింది నేను. బిజిలీని అమ్మాల్నంటె అమ్ముదాం. గని ఎవనికి వడితె వానికి ఇయ్యద్దు. మీరే అచ్చి చూసి, మీకు నచ్చినోనికి ఇయ్యుండ్రి."

అత్తమ్మ తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. చాయ్ పెట్టమంది నన్ను.

కొనేవాడు వచ్చిన రోజు అత్తమ్మ మొదటిసారి పొలానికి వచ్చింది. అతడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాడు. వస్తూనే బిజిలీ దవడ పట్టి గుంజి పళ్లు చూశాడు. అది వెనక్కి వెనక్కి జరిగి, ఇంకెవరూ లేనట్టు, సరిగ్గా అత్తమ్మ వెనకాల చేరి ఆమె భుజం మీద మూతి ఆనించింది. అత్తమ్మ కదల్లేదు. భయంతో కదల్లేదేమోనని నేను అనుకున్నాను.

"దీనితోని ఏం పని చేపిస్తవు?" అని అడిగింది అతన్ని.

"బరాత్‌ల నిలవెడ్త అవ్వా. డీజే ముంగట మస్తు నాచ్ నేర్పిస్త."

"పటాకలు కాలుస్తరు గద?"

"అలవాటైతది. చెవుల్ల దూది వెడ్త."

"ముందుగాల నీ చెవుల్ల వెట్టుకో. మేం ఇయ్యం, పో."

అతడు నోరు తెరిచి శ్రీనివాస్ వైపు చూశాడు. శ్రీనివాస్ ఆకాశం వైపు చూశాడు. ఆటోలో తిరిగి వస్తూ అత్తమ్మ పొలం వైపే చూస్తూ కూర్చుంది. నది వంతెన దాటాక, "బక్కగున్నదే అది. జొన్న చొప్ప దండిగ వెయ్యాలె" అంది. ఆ తరువాత శనగలు ఎంతసేపు నానాలి, బెల్లం పెట్టొచ్చా లేదా అని ఆమెకూ సరళాబాయికీ ఎప్పుడూ తగువే.

గుర్రం మిగిలింది గానీ, నేను ఎక్కలేకపోయాను. జీను మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసేదాన్ని.

"భయమైతున్నదా?" అంది బాయి.

"అయితున్నది."

"నాకు సుత అయితున్నది, ఆ దినం కెల్లి. నడువు, ఇయ్యాల నడ్సుకుంట పోదాం."

గుర్రాలను తాడుతో పట్టుకొని, వాటి పక్కన నడుస్తూ వెళ్లాం. ఆ తరువాత వారమూ అంతే. చాలా వారాలు అంతే. పిల్లలకు హెల్మెట్లు వచ్చాయి. వాళ్లను ఎక్కించినప్పుడు ఎవరో ఒకరు పక్కన నడవడం అలవాటైంది. మాటల్లో పడి నడుస్తూ నడుస్తూ, ఒక పొద్దున కాళ్లు నొప్పిగా ఉన్నాయని నేనే బిజిలీని ఎక్కాను. బాయి తనూ రాణిని ఎక్కింది.

ఆ ఎండాకాలంలోనే గోదావరి ఒడ్డుకు వెళ్లాం. మేమిద్దరం గుర్రాల మీద, అత్తమ్మా పిల్లలూ జొన్నరొట్టెలూ పల్లికారమూ ఆటోలో. ఆటో మా వెనకే మెల్లగా వస్తుంటే అత్తమ్మ తల బయట పెట్టి బిజిలీకి చెబుతోంది: "జర మెల్లగ! నా కోడలు పడ్తది!" బాయి వెనక్కి తిరిగి ఆటోవాణ్ణి అరుస్తోంది: "హారన్ కొట్టితివా, నీ సంగతి చూస్త!" ఒడ్డున గుర్రాలు నీళ్లు తాగాయి, పిల్లలు బురదలో దొర్లారు, అత్తమ్మ తన రొట్టెలో సగం బిజిలీకి పెట్టి నాకు కనబడకుండా చూసుకుంది. అంత నవ్విన రోజు నా జీవితంలో మరొకటి లేదు.

సరళాబాయి పోయినేడాది వానాకాలంలో చనిపోయింది. గుండెపోటు. ఎక్కువ బాధపడలేదు. కర్మలన్నీ అయ్యాక ఆమె భర్త మా దగ్గరికి వచ్చి, పొలానికి రమ్మన్నాడు. కొట్టంలోకి తనే వెళ్లి, చెయ్యి బారెడు దూరం చాపి, రాణి తాడు పట్టుకొని బయటికి తెచ్చాడు. ముఖమంతా చెమట. "దీన్ని సుత మీరే చూసుకోవాలె. పొలం ఉంటది, కొట్టం ఉంటది" అని తాడు నా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ ఆదివారాలు పేపరు పట్టుకొని వస్తాడు. కుర్చీ మాత్రం మునుపటి కంటే చాలా దగ్గరగా వేసుకుంటున్నాడు.

భయం లేనట్టు నటించడం నాకు ఆమె నేర్పలేదు. ఉన్నదని చెప్పి, అయినా చేయవలసింది చేయడం నేర్పింది. గుర్రాల దగ్గర నేర్చుకున్నాను గానీ ఎక్కువగా పనికొస్తున్నది పిల్లల దగ్గరే. మొన్నటి ఆదివారం కార్తీక్, ఇప్పుడు వాడికి ఏడేళ్లు, ముసలిదైన రాణి మీద ఎవరూ పక్కన లేకుండా కాలువ గట్టు దాకా వెళ్లి వస్తానన్నాడు. జీను పట్టీ బిగించాను. హెల్మెట్ సరిచూశాను. కళ్లెం మీద నుంచి నా చెయ్యి మాత్రం రావడం లేదు. వాడు వంగి నా ముఖంలోకి చూశాడు.

"అమ్మా, నీకు భయమైతున్నదా?"

"అయితున్నది" అన్నాను. "నువ్వు పో."

చెయ్యి తీశాను. రాణి మెల్లగా కదిలింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు.