పదిహేడు దాటిన రెండు పాయింట్లు

ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊళ్లో ప్రభుత్వం తరఫున వడ్లు కొనే కేంద్రంలో తేమ చూసే పని నాది. రైతు ఆరబోసిన కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి చిన్న యంత్రంలో పోస్తే తేమ శాతం అంకెగా కనబడుతుంది. పదిహేడు లోపు ఉంటే కాంటా పెట్టి తూకం వేస్తారు. దాటితే మళ్లీ ఎండబెట్టుకోవాలి. రైతులు ఈ తేమ లెక్కను ‘మ్యాచర్’ అంటారు. మ్యాచర్ వచ్చిందంటే, అంటే తేమ పదిహేడు లోపు చూపిందంటే, ఆ ఏటి గండం గడిచినట్టే.

నేను కామారెడ్డిలో ఉంటాను. పొద్దున ఆరున్నర బస్సుకు బయలుదేరుతాను. ఇరవై రెండేళ్లుగా డైరీ రాస్తున్నాను. ఏ రోజు ఎవరి కుప్ప ఎంత చూపిందో అందులో ఉంటుంది. ప్రతి ఏడాది కొత్త డైరీ మొదటి పుటలో రెండు ప్రశ్నలు రాసుకుంటాను. ‘నీవు చేసే పనిని అందరూ, అన్నివేళలా, అందరి విషయంలో చేయాలని కోరుకోగలవా? ఎదుటి మనిషిని నీ అవసరానికి పనిముట్టుగా వాడుకుంటున్నావా?’ డిగ్రీలో మాకు తత్వశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు వీటిని బోర్డు మీద రాశారు. ఫలితం మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి, ముందు కర్తవ్యం ఏమిటో చూడాలన్నారు. నేను ఆ మాటను పరీక్ష కోసం చదివి వదిలేయలేదు. బంధువులు ఫోన్ చేస్తే ఇంట్లో లేనని చెప్పమని నా భార్య అడిగినా చెప్పలేదు. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. సత్యానికి అంత ధర చెల్లించవచ్చని అప్పుడు అనుకున్నాను. ఆ ధర చాలా చౌక అని ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న యాసంగి కోతల్లో ఒక మంగళవారం. రెండెకరాలు కౌలుకు చేసిన ఒకామె వడ్లు ఆరబోసి అప్పటికి నాలుగు రోజులు. ఆమెది దాదాపు నా వయసే. ఎండలో గంటకోసారి కాళ్లతో గింజలను తిరగేస్తూ ఉండేది. మధ్యాహ్నం నేను కుప్పకు అటొకసారి ఇటొకసారి గింజలు తీశాను. ఒకటి 17.1, ఇంకొకటి 17.3. సగటు 17.2.

“రాలేదక్కా,” అన్నాను. “ఇంకో పూట ఎండనియ్యి.”

“గింతదానికేంది సారూ? రెండు పాయింట్లే గద. మొగులు పడుతుంది, వానొస్తదేమో, జర చూడరాదూ.”

“నీకు ఇడిస్తే అందరికీ ఇడవాలె.”

బస్తాలు కుడుతున్న హమాలీ నవ్వాడు. “అవ్వా, మిషిన్ను బతిమాలుకో. అదన్న ఇంటదేమో గని, ఈ సారు ఇనడు.”

ఆమె కూడా నవ్వింది. కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుంటూ, “సరే, రేపొద్దున ముందుగల నాదే చూడాలె మల్ల,” అంది.

నాలుగు గంటలకు వాన మొదలైంది. గాలికి టార్పాలిన్ లేచిపోయింది. నేనూ హమాలీలూ పట్టుకున్నాం కానీ, అప్పటికే కుప్ప అడుగు నుంచి నీళ్లు పారుతున్నాయి. బుధవారం కూడా వదలలేదు. గురువారం చూస్తే కింది గింజలకు తెల్లని మొలకలు. ఆమె గింజలు దోసిట్లోకి తీసుకుని వాసన చూసి కింద పోసింది.

ఆ మధ్యాహ్నం కాంటాలు లేవు. నేను చేసింది సరైనదేనని నాకు నేను రుజువు చేసుకోవాలనుకున్నాను. అందుకే డైరీ తెరిచాను. ఆమెకు ముందు రోజు, దోమకొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు చేస్తున్న ఒక పెద్ద రైతు కుప్ప చూశాను. రెండు అంకెలు: 17.0, 17.4. ఆయన సగటు కూడా 17.2. వాటి కింద మూడో అంకె ఉంది: 16.5.

అప్పుడు గుర్తొచ్చింది. రాలేదని చెప్పగానే ఆయన నా భుజం మీద చేయి వేసి, “తమ్మీ, నడుమల నుంచి తీసి ఇంకోపారి చూడు,” అన్నాడు. చూశాను. మూడింటి సగటు 16.97. కాంటా అయింది. ఆయన నాకు ఏమీ ఇవ్వలేదు, నేనూ ఏమీ ఆశించలేదు. అడిగాడు, చూశాను, అంతే.

డైరీని వెనక్కి తిప్పుతూ లెక్క కట్టాను. ఆ సీజన్లో పదిహేడుకు, పదిహేడున్నరకు మధ్య ఆగినవాళ్లు పంతొమ్మిది మంది. పదకొండు మంది ఇంకోసారి చూడమన్నారు, చూశాను, ఎనిమిది మందికి మ్యాచర్ వచ్చింది. మిగతా ఎనిమిది మంది అడగలేదు. వాళ్లకు నేను మూడోసారి చూడలేదు. వాళ్లలో కౌలుదార్లు, ఆడవాళ్లు, గాంధారి తండాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. అందరికీ ఒకటే అనుకున్న నా నియమం, నోరు తెరిచి అడగగలిగినవాళ్లకు ఒకటి, అడగలేనివాళ్లకు ఒకటి. దాన్ని నేనే, నా చేతిరాతతో, రోజువారీగా నమోదు చేస్తూ వచ్చాను. ఒక్క రోజూ చూడలేదు.

శుక్రవారం పొద్దున ఆమె దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె తడి గింజలను పలచగా పరుస్తూ పూర్తిగా విన్నది.

“ఇంకోపారి చూడమని అడిగితే చూస్తరా? నాకేం ఎరుక సారూ. మిషిన్ చెప్పినంక మల్లేం అడుగుతరనుకున్న.”

“తప్పు నాదే.”

“మంచిగ చెప్పినవ్. నీ కడుపుల భారం దిగింది. నా వడ్లు ఎండుతయా?”

నాకు రెండో ప్రశ్న గుర్తొచ్చింది. నా మనసు తేలికపడటానికి ఆమెను వాడుకున్నానా? కాదని చెప్పలేను.

ఆమె చేతులు దులుపుకుంది. “కాయిదం మీద రాసియ్యి. సోమవారం కామారెడ్డిల పెద్ద సార్లు అర్జీలు తీసుకుంటరంట గద. కాయిదమొక్కటే పోతే పక్కకు పెడ్తరు. నువ్వు గూడ రావాలె.”

రాసిచ్చాను. కేంద్రం బాధ్యుడు అది చదివి, “నీ మెడకు నువ్వే ఉరేసుకుంటున్నవ్ అన్నా,” అన్నాడు. అయినా సెలవు పెట్టాను.

సోమవారం ఆమె మొదటి బస్సుకే వచ్చింది. కొంగుకు గుప్పెడు మొలకెత్తిన గింజలు కట్టుకొచ్చింది. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. అధికారి కాగితం రెండుసార్లు చదివారు.

“ఈ మ్యాచర్ చూసిందెవరు?”

“నేనే సార్.”

“మూడోసారి చూసుంటే వచ్చేదంటవా?”

“చెప్పలేను సార్. వచ్చే అవకాశం మాత్రం నేనియ్యలేదు.”

ఆయన కలం తీశారు. “తడిసిన వడ్ల కింద తీసుకొమ్మని రాస్త. ఇది ఒక్క కేసే గద? ఒక్కటైతే ఇయ్యాల్నే అయితది. ఇంకా ఉన్నయంటే మాత్రం విచారణ పెట్టాలె. టైం పడ్తది.”

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు అర్థం కాకపోవడానికి వీల్లేదు. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఆ వడ్లు పశువులకు కూడా పనికిరావు. ఒక్కటే అంటే ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు. ‘ఒక్కటే’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది.

“ఎనిమిది, సార్,” అన్నాను.

ఆయన కలం మూత పెట్టారు.

బస్టాండు దాకా ఆమె ఎండకు కొంగు నెత్తిన వేసుకుని నాకంటే రెండడుగులు ముందు నడిచింది. ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడ్డాక అడిగింది.

“గా ఎనిమిదిట్ల నా నంబరెంత?”

“ఎనిమిదోది. నీదే ఆఖరు.”

“ముందటోళ్ల వడ్లు ఏమైనయ్? అమ్ముడుపోయినయా, వాళ్లయి గూడ మొలకలొచ్చినయా?”

నాకు తెలియదు. వాళ్లను నేను అడగలేదు.