ఆగు, మనిషి రానీ

బ్రిస్బేన్ సన్నీబ్యాంక్‌లో ఫోటో స్టూడియో నడిపిన, మనమంతా అంకుల్ అని పిలిచే పెద్దాయన పోయారు. ఆ కబురు వెనకాలే మన తెలుగు సంఘం కార్యదర్శి ఫోను. "అంకుల్‌ది మంచి ఫోటో ఒకటి పంపండి సార్, శ్రద్ధాంజలి పోస్టర్‌కి. మా దగ్గర ఒక్కటీ లేదు."

ఎలా ఉంటుంది? ఏళ్ల తరబడి ప్రతి ఉగాది సభలోనూ, ప్రతి పిక్నిక్‌లోనూ కెమెరా ఆయన చేతికే ఇచ్చాం. "మీరే తియ్యాలి అంకుల్" అంటే గౌరవించినట్టే అనుకున్నాం. వచ్చి పక్కన నిలబడమని ఒక్కరమైనా అన్నామా? నరసాపురం ముస్లిం పెద్దాయన మనవాడు కాడని ఎవరూ నోటితో అనలేదు లెండి. అనక్కర్లేకుండానే ఫ్రేము అవతల ఉంచాం. కోపం వస్తోందా? రానివ్వండి.

నా దగ్గర మాత్రం ఆయన ఫోటో ఒకటుంది.

రెండు వేల సంవత్సరం మొదట్లో సంగతి. కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వై టూ కే గండం గట్టెక్కించమని వీసాలిచ్చి పిలిచిన కంపెనీ, గండం గడవగానే "కొన్నాళ్లు సెలవు తీసుకో" అంది. అంకెలు సరిపోయాయి, మనుషులు ఎక్కువయ్యారు. కాంట్రాక్టు పొడిగించకపోతే వీసా కూడా పోతుంది. నాకు నిద్ర లేదు, తిండి సయించదు. ఫోటోలు తీసుకోడానికి ఇటలీలోని వెనిస్ బయల్దేరిన అంకుల్, తోడు రావాల్సిన కొడుకు రానంటే ఆ టికెట్టు నాకు తీసి నన్ను లాక్కుపోయారు.

"ఫోను ముందు పొదిగే కోడిలా కూర్చుంటే ఉద్యోగం రాదయ్యా. సంచీ మోద్దువుగాని, రా."

అక్కడ నేను కాలవలు చూడలేదు, ఫోన్ బూత్‌లే చూశాను. వంతెన దిగిన చోటల్లా బ్రిస్బేన్‌కి ఫోను. టూరిస్టులు జనం తప్పుకునేదాకా ఆగి ఖాళీ మేడల ఫోటోలు తీసుకునేవారు. ఈయనది ఎదురు వరస. ఖాళీ సందు ముందు కెమెరా పట్టుకుని, "ఆగు, మనిషి రానీ" అనేవారు. కూరగాయల పడవవాడో, మురానో దీవిలో కొలిమి వదిలి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చిన గాజు పనివాడో వచ్చాకే క్లిక్.

"మనిషి లేకపోతే ఊరేంటయ్యా, గోడలు."

లేసు అల్లే బురానో దీవిలో, గుమ్మంలో కూర్చున్న ఒక ముసలమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు. "మా అమ్మ చేతులే ఇవి. మా నరసాపురం లేసుకి క్రోషా కొక్కెం, వీళ్లకి సూది. నడుం నొప్పి మాత్రం ఒకటే." ఆవిణ్ణి తెలుగులోనే పలకరించారు. ఆవిడ తన భాషలో ఏదో చెప్పి నవ్వింది. నేను బూత్ వైపు కదిలాను.

"మళ్లీనా? నీ దెబ్బకి ఆ తీగ తెగిపోద్ది."

ఈసారి మేనేజరు దొరికాడు. "తిరిగొచ్చాక మాట్లాడుకుందాం, మేట్" అన్నాడు. ఆస్ట్రేలియాలో స్నేహితుణ్ణి పిలిచే ఆ మాట అంతకుముందెప్పుడూ నన్ను అనలేదు. అర్థమైపోయింది.

నా మొహం చూసి అంకుల్, "ఖాళీ చేతులకే దిగులెక్కువ. నన్నొకటి తియ్యి" అని కెమెరా ఇచ్చి, నీలం గోడ ముందుకెళ్లి నిలబడ్డారు.

ఉద్యోగం పోయింది. ఇంకోటి దొరికి వీసా నిలబడేదాకా, నాకు అన్నం అంకుల్ వాళ్ల వంటింట్లోనే.

ఆ ఫోటోనే పంపాను. "ఫేస్ పక్కకి తిరిగిపోయింది సార్, చెయ్యి కూడా అడ్డమొచ్చింది. క్రాప్ చేసేద్దామా?" అన్నాడు కార్యదర్శి.

"ముట్టుకోకు" అన్నాను.

నేను నొక్కినప్పుడు ఆయన నా వైపు చూడటం లేదు. గోడ ముందు సగం చోటు వదిలి పక్కకి జరిగి, ఫ్రేము అవతల ఉన్న ఎవరినో చెయ్యి చాపి రమ్మంటున్నారు.